తల్లిని చూడకుండా పిల్లను కొనకండి

మా నాన్న గేదెను బేరం చేయడానికి వెళ్తే మూడు పూటలు అక్కడే ఉండిపోయేవాడు. సాయంత్రం తన ఎదురుగా పాలు పితికించేవాడు. రాత్రి ఆ ఇంటి అరుగు మీదే తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు. పొద్దున్న ఒకసారి, మళ్లీ సాయంత్రం ఒకసారి పితికించి చూశాక గానీ సంచిలోంచి డబ్బు బయటికి వచ్చేది కాదు. ఒక పూట పాలు తీయకుండా ఆపేసి, పొదుగు నిండుగా చూపించి అంటగట్టేవాళ్లు ఉంటారు, మొదటి పూట పాలను నమ్మకూడదనేవాడు. "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అన్న సామెత మా ఇంట్లో రోజూ వినపడేదే.

అలాంటి మనిషి మనవడు, మా అన్నయ్య కొడుకు, ఆమధ్య నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. వెదురు బుట్టలో పసుపురంగు కుక్కపిల్ల, మెడకు ఎర్ర రిబ్బను. కింద ఇలా రాశాడు: "అత్తా, ప్యూర్ ల్యాబ్ అంట. పంచ్ ఫేస్, హెవీ బోన్, డబుల్ కోట్. 35 రోజులు. 12 వేలు. ఇవాళ సాయంత్రంలోపు అడ్వాన్స్ కొట్టకపోతే వేరేవాళ్లు తీసుకుపోతారట."

ల్యాబ్రడార్‌కి జాతి లక్షణంగానే డబుల్ కోట్, అంటే రెండు పొరల బొచ్చు, ఉంటుంది. "తెల్లటి పాలు అమ్ముతున్నాం" అన్నట్టుంది ఆ మాట. 35 రోజుల వయసులో ఏ ల్యాబ్ పిల్లకైనా మూతి పొట్టిగా, కాళ్లు లావుగానే కనిపిస్తాయి కాబట్టి పంచ్ ఫేస్, హెవీ బోన్ అనేవి బేరం మాటలు. ఇక ఆ 35 రోజులు అన్నది ఉంది చూశారూ, అసలు తప్పు అక్కడే ఉంది. వాడికి ఫోన్ చేసి ముప్పావుగంట చెప్పాను. అంతా విని, "ఇది రాసిపెట్టు అత్తా, నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు" అన్నాడు.

నేను రాజమండ్రిలో ఉంటాను. ల్యాబ్రడార్లను పెంచుతాను. ఇన్నేళ్లలో మా ఇంట్లో కాన్పులు మూడే మూడు. బ్రీడర్ అంటే పది బోనులు, పాతిక కుక్కలు అనుకునేవాళ్లకి నేను లెక్కలోకి రాను.

మొదటి పిల్ల సంగతి

నేనూ మా మేనల్లుడిలాగే మొదలుపెట్టాను. 2009లో విజయవాడ వెళ్లినప్పుడు పక్షులు, చేపలు అమ్మే ఒక కొట్టు దగ్గర బోనులో నాలుగు పిల్లలు కనిపించాయి. ధర 4,500. "45 రోజులు అండీ, రెండు ఇంజెక్షన్లు అయిపోయాయి" అని కార్డు చేతిలో పెట్టాడు. కార్డు మీద రెండు స్టిక్కర్లు ఉన్నాయి, డాక్టరు సంతకం లేదు. సంతకం ఉండాలని నాకు అప్పట్లో తెలియదు. ఇంటికి తెచ్చిన మూడో రోజు తిండి మానేసింది. నాలుగో రోజు వాంతులు, ఆ రాత్రి నెత్తుటి విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. పార్వో అన్నారు డాక్టరు గారు. సెలైను పెట్టారు, ఐదో రోజు తెల్లవారుజామున పోయింది. అప్పుడు ఆయన దాని నోరు తెరిచి పళ్లు చూపించారు. వెనక దవడ పళ్లు ఇంకా చిగురు దాటి రాలేదు. "ఇది నెల పిల్లేనమ్మా" అన్నారు.

పార్వో వైరస్ శరీరంలోకి వెళ్లిన మూడు నుంచి ఏడు రోజుల్లో సాధారణంగా జబ్బు బయటపడుతుంది. అంటే ఆ పిల్ల మా ఇంటికి రాకముందే జబ్బు తెచ్చుకుంది. అమ్మేవాళ్లు నెల పిల్లను 45 రోజులని చెప్పి తొందరపడేది ఇందుకే. తల్లిపాలు తగ్గిపోయాక ఒక్కో పిల్లకి తిండి పెట్టాలి, ఏలికపాములకి మందు తాగించాలి, టీకా వేయించాలి, ఈలోగా ఏదన్నా వస్తే వైద్యం చేయించాలి. ఆ ఖర్చూ ఆ గండమూ మన నెత్తిన పెట్టి పంపిస్తారు.

ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది. ఫినాయిల్‌ని నమ్ముకోవద్దు. ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి, నేలను ముందు శుభ్రంగా కడిగి, ఆ తర్వాత ఈ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచాలి. పెరటి మట్టికి అదీ పనిచేయదు. ఏడాది పాటు మా ఇంటికి ఇంకో పిల్లను తేలేదు.

ఫోనులోనే సగం తేలిపోతుంది

వెళ్లేముందు ఫోన్ చేయండి. ధర చివర్లో అడగండి. ముందు తల్లి గురించి అడగండి: వాళ్ల దగ్గరే ఉందా, వయసెంత, ఇది ఎన్నో కాన్పు, ఇంతకు ముందుది ఎప్పుడు అయింది. తండ్రి ఎవరి కుక్క, దాన్ని కూడా చూడొచ్చా. తుంటి ఎక్స్‌రేలు తీయించారా. పిల్లల్ని ఎన్నో రోజున ఇస్తారు.

నిజంగా ఇంట్లో పెంచేవాళ్లకి ఈ ప్రశ్నలు వస్తే సంతోషం, అరగంట వదలరు. "తల్లి మా పొలంలో ఉందండి", "ఆదివారం బస్సులో పెట్టి పంపిస్తాం, మీరు స్టాండ్‌లో తీసుకోండి", "ల్యాబ్ లేకపోతే గోల్డెన్ ఉంది, షిట్జూ ఉంది, హస్కీ ఉంది" అన్నారంటే అక్కడితో ఆపేయండి. అన్ని జాతులూ ఉన్నాయంటే వాళ్లు ఎక్కడెక్కడి నుంచో కొని అమ్మే బేరగాళ్లు. తల్లి ఏ మూల ఏ బోనులో ఉందో వాళ్లకీ తెలియకపోవచ్చు.

హస్కీ అన్నాను కాబట్టి ఒక మాట. రోహిణి కార్తెలో మనమే తడిగుడ్డ కప్పుకుని పడుకుంటాం. మంచులో బండి లాగడానికి పుట్టిన కుక్కను రెండు గదుల ఫ్లాట్‌లో, రోజంతా ఏసీ లేకుండా పెంచుదామనుకునే వాళ్లతో నేను వాదించడం మానేశాను. పగ్‌లాంటి మూతి నొక్కుకుపోయిన కుక్కలదీ అదే గోస. కుక్క ఒళ్లు చల్లబరచుకునేది ముఖ్యంగా రొప్పడంతోనే. ముక్కుదారి ఇరుకైతే అది కుదరదు.

వెళ్లాక ముందు తల్లి పొట్ట కింద చూడండి

ఇది నాన్న దగ్గర నేర్చుకున్న చూపు. ఆ తర్వాత మేం పెంచుకున్న మా ల్యాబ్ చిట్టి చనిపోయాక ఒక పిల్ల కోసం ఒక ఊరు వెళ్లాను. ఊరు పేరు వద్దులెండి. ఆరు వారాల పిల్లలు ఆరు, చక్కగా ఉన్నాయి. తల్లిని చూపించమంటే నిగనిగలాడే ల్యాబ్‌ని గొలుసు పట్టుకుని తెచ్చారు. బొద్దుగా, బొచ్చు మెరుస్తూ, పెళ్లికూతురిలా ఉంది. మెడ నిమిరి, మెల్లగా పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. చనుమొనలు చిన్నవిగా, పొట్టకి అంటుకుపోయి ఉన్నాయి. ఆరుగురు పిల్లలకి ఆరు వారాలు పాలిచ్చిన కుక్క అలా ఉండదు. చన్నులు వేలాడుతుంటాయి, వాటి చుట్టూ పిల్లల గోళ్ల గీతలుంటాయి, బొచ్చు చెయ్యి పెడితే చాలు రాలిపోతుంటుంది, ఎంత తిండి పెట్టినా కాస్త చిక్కే ఉంటుంది. పిల్లల్ని వదిలితే దాని కిందకి దూరాలి. వీళ్లు పిల్లల్ని వదిలారు, అవి దాన్ని పట్టించుకోనే లేదు. కాఫీ తాగి వచ్చేశాను.

తల్లి మనల్ని చూసి ఎలా ఉందో గమనించండి. కొత్తవాళ్లు రాగానే కొంచెం అరవడం మామూలే. యజమాని సర్దిచెప్పాక కూడా మూలకి నక్కి వణుకుతుంటే, లేదా పళ్లు చూపిస్తుంటే, ఆ గుణం పిల్లలకి కొంత పుట్టుకతో, కొంత దాన్ని చూసి వస్తుంది. తల్లిని నాలుగడుగులు నడిపించమనండి. వెనక కాళ్లు కలిపి కుందేలులా గెంతుతూ పరుగెడితే, లేచేటప్పుడు ముందు కాళ్ల మీదే బరువంతా వేస్తే, తుంటి గురించి గట్టిగా అడగండి.

తర్వాతే పిల్లలు. అవి పడుకునే చోటికి వెళ్లి గాలి పీల్చండి. పిల్లలు ఉన్నచోట కాస్త వాసన ఉంటుంది, కానీ కళ్లు మండే ఉచ్చ కంపు కొడితే రోజుల తరబడి శుభ్రం చేయలేదన్నమాట. పిల్లను ఎత్తుకుంటే దాని పరిమాణానికి మించి బరువు అనిపించాలి. పొట్ట మాత్రం డోలులా ఉబ్బి, వెన్నెముక తెలుస్తుంటే ఏలికపాములున్నాయి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, పాలిపోయి ఉంటే రక్తం తక్కువ, పిడుదులో పురుగులో కారణం. బొడ్డు దగ్గర బుడిపె ఉందేమో తడమండి, మగపిల్లయితే వృషణాలు రెండూ దిగాయా చూడండి, తోక ఎత్తి చూడండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, మా నాన్నయితే గేదెకి ఇంతకంటే ఎక్కువే చూసేవాడు.

వయసు పళ్లలో తెలుస్తుంది. మూడు, నాలుగు వారాల్లో ముందు పళ్లు, కోరలు మొలవడం మొదలవుతుంది. ఎనిమిది వారాలకి పాలపళ్లు 28 దాదాపుగా వచ్చేస్తాయి. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం కుదరదు. 56 రోజులు. దాని వెనక కారణం ఉంది. ఐదు నుంచి ఎనిమిది వారాల మధ్య పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడతాయి. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట ఆపేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. నోటి జోరు ఎంతవరకో అక్కడే నేర్చుకుంటాయి. నెలకే విడదీసిన పిల్ల ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

ఏ పిల్లను ఎంచుకోవాలో నన్నడిగితే, పెంచినామెనే అడగమంటాను. మీరు చూసేది గంట. ఎనిమిది వారాలు చూసిన మనిషికి ఏది నిదానమో, ఏది కొరివి దెయ్యమో తెలుసు.

కాగితాలు

జాతి కుక్కల వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కేసీఐ) ఆఫీసు చెన్నైలో ఉంది. వాళ్ల సర్టిఫికెట్‌లో పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, తాతముత్తాతల పేర్లు, చర్మం కింద పెట్టే మైక్రోచిప్ నంబరు ఉంటాయి. "కేసీఐ పేపర్లు ఉన్నాయి" అనగానే చాలామంది ఐదు వేలు, పది వేలు ఎక్కువ పెట్టేస్తారు. ఆ కాగితం పిల్ల ఎవరి కడుపున పుట్టిందో చెబుతుందంతే. తుంటి బాగుందా, కళ్లు బాగున్నాయా అన్నది దాంట్లో ఉండదు.

దాన్ని ఎలా చదవాలంటే, తండ్రి వైపు పేర్లనీ తల్లి వైపు పేర్లనీ పక్కపక్కన పెట్టండి. మా బంధువులు ఒకరు గర్వంగా చూపించిన కాగితంలో తండ్రికి తండ్రీ, తల్లికి తండ్రీ ఒకే కుక్క. ఛాంపియన్ కుక్కే, పేరు ముందు బిరుదు కూడా ఉంది. కానీ పెళ్లి మాత్రం ఒకే తండ్రికి పుట్టినవాళ్ల మధ్య జరిగింది. మేనరికాలే వద్దంటున్న రోజులివి.

చిప్ నంబరు 15 అంకెలు. స్కానర్‌తో పిల్ల భుజాల మధ్య తడిమి, తెర మీద వచ్చిన నంబరు కాగితం మీద నంబరుతో చివరి అంకె దాకా సరిచూసుకోండి. స్కానర్ లేదంటే మీ పశువైద్యుడి దగ్గరికి పిల్లతో సహా రమ్మనండి. టీకా కార్డు మీద సీసా నుంచి ఊడదీసిన స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర, ఇవన్నీ ఉండాలి. ఎనిమిది వారాల పిల్లకి ఒక డోసు పడి ఉంటే చాలు. ముర్రుపాలతో వచ్చిన తల్లి రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకా సరిగా పట్టదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే మూడు, నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలప్పుడు. 40 రోజులకే "అన్నీ అయిపోయాయి" అన్నారంటే నా 2009 కార్డు గుర్తు చేసుకోండి.

గిన్నెలో బంతి

ఇప్పుడు పెంచేవాళ్ల వైపు సంగతి. "మన కుక్కకి ఒక్క కాన్పన్నా అయితే ఒంటికి మంచిదట కదా" అని వారానికొకరైనా అడుగుతారు. అది అపోహ. ఒక కాన్పుతో ఆడకుక్కకి ఒరిగే ఆరోగ్యమేమీ లేదు. గర్భసంచికి చీము పట్టే ప్రమాదం కాన్పు అయినా ఉంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పోతుంది.

చిట్టి మా ఇంటి రెండో పిల్ల, నిలిచిన మొదటిది. అందగత్తె. గోదావరి గట్టు మీద పరుగెడుతుంటే జనం ఆగి చూసేవాళ్లు. రెండేళ్లు నిండాక కాన్పుకి పంపుదామని తుంటి ఎక్స్‌రే తీయించాను. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాపి తీస్తారు. డాక్టరు గారు ఫిలిం కిటికీకి ఆనించి పట్టుకున్నారు. "ఈ గుండ్రంది తొడ ఎముక తల. ఇది గిన్నె. బంతి గిన్నెలో సగానికి పైగా కూర్చోవాలి. ఇటు చూడు, కుడి వైపు అంచున వేలాడుతోంది" అన్నారు. నాలుగు రోజుల కిందటే గోడ దూకిన కుక్క అది. మా ఆయన, "కుంటడం లేదు కదండీ, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. డాక్టరు గారు ఏమీ అనలేదు. ఫిలిం కవరులో పెట్టి నా చేతికిచ్చారు.

దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఎనిమిదేళ్లప్పుడు కుడికాలు ఈడ్చడం మొదలైంది, బరువు పెరగకుండా కాచుకుంటూ వచ్చాం, పన్నెండేళ్లు బతికింది. దాని తోబుట్టువుకి ఎక్స్‌రే లేకుండానే రెండు కాన్పులు చేయించారని తర్వాత తెలిసింది. ఆ పిల్లలు ఎక్కడెక్కడ కుంటుతున్నాయో.

అందుకని తల్లికీ తండ్రికీ తుంటి, మోచేతి ఎక్స్‌రేలు తీయించండి. తుంటికి గ్రేడులు ఏ నుంచి ఈ దాకా ఇస్తారు. ఏ, బీ అయితే సరే, డీ, ఈ అయితే కాన్పు మాట ఎత్తకండి. ల్యాబ్‌లలో కంటిచూపు క్రమంగా పోయే జబ్బుకీ, పరుగెత్తితే వెనక కాళ్లు కూలిపోయే జబ్బుకీ జన్యుపరీక్షలున్నాయి. తల్లికీ తండ్రికీ బ్రూసెల్లా రక్తపరీక్ష తప్పనిసరి. గేదెలు ఈసుకుపోయే (కడుపు పోయే) రోగానికి దగ్గరి చుట్టమది, మనుషులకీ అంటుతుంది. నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను కలపకూడదు, ఏడాదికి ఒకటికి మించి కాన్పు కాకూడదు. అమ్మకానికి పిల్లల్ని తీసేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. నేను రెండేళ్లు దాటాక, ఒక ఎద వదిలి ఒకటి చొప్పున, ఒక్కోదానికి రెండు కాన్పులకి మించి వెళ్లను.

డబ్బు మాట కూడా చెప్పాలి. నా మూడో కాన్పు పుస్తకంలో ఖర్చు 64,300 అని ఉంది. ఏడు పుట్టాయి, ఆరు దక్కాయి. ఒకటి మగకుక్క వాళ్లకి, మాట ప్రకారం వాళ్లు మొదట ఎంచుకున్నది. ఒకటి మేం ఉంచుకున్నాం. నాలుగు 20 వేల చొప్పున ఇచ్చాను. మిగిలింది 15,700. సిజేరియన్ పడి ఉంటే అదీ లేదు.

ఆ రాత్రి

ఎద మొదలై రక్తం కనిపించిన రోజు నుంచి లెక్కపెట్టి, 11వ రోజు, 13వ రోజు కలిపితే చాలంటారు. మూడో కాన్పు తల్లి, మా గౌరికి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పరీక్ష చేయిస్తే సరైన సమయం 16వ రోజని తేలింది. అందాజుగా వెళ్లి ఉంటే ఆ ఎద వృథా. కలిసినప్పుడు రెండూ తోకలు ఆనించి పావుగంట, ఇరవై నిమిషాలు ఇరుక్కుని ఉంటాయి. లాగకండి, నీళ్లు పోయకండి. అక్కడి నుంచి ఇంచుమించు 63 రోజులు. 55 రోజులు దాటాక ఎక్స్‌రే తీస్తే పిల్లల తలలు, వెన్నులు లెక్కపెట్టొచ్చు. ఎన్ని రావాలో తెలియకపోతే ఆఖరిది లోపల ఉండిపోయినా తెలియదు. కడుపుతో ఉండగా కాల్షియం బిళ్లలు మాత్రం మీ అంతట మీరు వేయకండి. బయటి నుంచి వచ్చే కాల్షియానికి అలవాటుపడి, పాలిచ్చేటప్పుడు ఒళ్లు తన ఎముకల్లోంచి తీసుకోవడం ఆలస్యం చేస్తుంది. అప్పుడే కుక్క కాళ్లు బిగుసుకుని వణుకుతూ పడిపోయేది. అలా అయితే ఆస్పత్రికి పరుగే, నరానికి కాల్షియం ఎక్కించాలి.

ఆఖరి వారం పొద్దున్న, సాయంత్రం జ్వరం చూస్తాను. 101కి అటూ ఇటూగా ఉండేది 99 కిందకి దిగిందంటే ఒక రోజులో కాన్పు. గౌరికి మధ్యాహ్నం 98.6 వచ్చింది. సాయంత్రానికి పాత పేపర్లు చింపడం మొదలుపెట్టింది. మొదటి పిల్ల రాత్రి 11:20కి. నాలుగు వరసగా వచ్చాయి. ఐదోది 1:40కి. ఆ తర్వాత నొప్పులు పడుతోంది గానీ ఏమీ రావడం లేదు. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, లేదా రెండు గంటలు గడిచినా తర్వాతి పిల్ల రాకపోతే, మొదటి పిల్లకి ముందే ఆకుపచ్చ నీరు కనిపిస్తే, ఆలోచించకుండా ఫోన్ చేయాలి. 2:15కి చేశాను. ఆ నంబరు వారం ముందే గోడ మీద రాసిపెట్టి, రాత్రయినా వస్తారని అడిగి ఉంచుకున్నదే. ఆరోది ఎదురుకాళ్లతో అడ్డుపడింది. డాక్టరు గారు వేళ్లతో సర్ది తీసేసరికి తడిగుడ్డలా వేలాడుతోంది. మాయ పొర చింపి, నోట్లో ద్రవం తుడిచి, నా చేతికిచ్చి "రుద్దు, ఆపకు" అన్నారు. పాత తుండుగుడ్డతో వీపు రుద్దుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. చీమ కుట్టినట్టు ఒక్కసారి నోరు తెరిచింది. ఏడోది చనిపోయే పుట్టింది. ఆరోదే ఇప్పుడు నా కాళ్ల దగ్గర పడుకుని గురక పెడుతున్న తార.

మెడకి రంగు రంగుల ఊలు దారాలు వదులుగా కట్టి, వంటింటి కాటా మీద రోజూ తూచాను. పుట్టినప్పుడు 400 గ్రాములకి అటూ ఇటూ. పది రోజులకి రెట్టింపు కావాలి. ఒక రోజు పెరగకపోతే గమనించాలి, తగ్గితే డాక్టరు. మొదటి వారం వాటికి ఒంట్లో వేడి నిలవదు, పడుకునే చోట 30 డిగ్రీలు ఉండాలి. అయితే వేడెక్కితే పక్కకి పాకడానికి చోటు వదలండి. రెండో వారం నుంచి పదిహేను రోజులకోసారి ఏలికపాముల మందు, పిల్లలతోపాటు తల్లికీ.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా చెప్పులు గేటు బయట వదిలి, కాళ్లు చేతులు సబ్బుతో కడుక్కుని రావాలి. పురిటి ఇంటికి మన పెద్దవాళ్లు పెట్టిన పద్ధతే. మూడో వారం నుంచి మిక్సీ, కుక్కర్ విజిల్, గొడుగు తెరవడం, గల్లు గల్లుమనే స్టీలు పళ్లెం, అన్నీ దూరం నుంచి వినిపిస్తాను, చూపిస్తాను. దీపావళికి మంచం కింద దూరే కుక్కలు తక్కువ కావాలంటే పని అక్కడ మొదలవ్వాలి.

ఎవరికి ఇవ్వాలి

కొనేవాళ్లని ప్రశ్నలడగని మనిషి దగ్గర కొనకండి. నేను చాలా అడుగుతాను. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇల్లు సొంతమా అద్దెదా, ఓనరు ఒప్పుకున్నారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు. పుట్టినరోజు కానుకగా ఇద్దామని వచ్చిన అబ్బాయిని మజ్జిగ ఇచ్చి పంపేశాను. భీమవరం నుంచి ఒకాయన చేపల చెరువు కాపలాకి కావాలన్నారు. "మా ల్యాబ్ దొంగకి దారి చూపించి తోక ఊపుతుందండీ" అని చెప్పాను. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు కాసే జోనంగి కుక్కలున్నాయి కదా, మన నేల మీద పుట్టినవి, పొట్టి బొచ్చు, ఎండని తట్టుకుంటాయి, వాటిని చూడమన్నాను. ఆయనకి నచ్చినట్టు లేదు. "అవి మామూలు కుక్కల్లా ఉంటాయి కదమ్మా" అన్నారు.

కాగితం మీద ఒక షరతు రాయించుకుంటాను: ఏ కారణం వల్లనైనా పెంచలేకపోతే నాకే తిరిగి ఇవ్వాలి. రెండో కాన్పు పిల్ల ఒకటి నాలుగేళ్ల వయసులో అలా వెనక్కి వచ్చింది. వాళ్లు డాలస్ వెళ్లిపోయారు. గేటు దగ్గర దించగానే తిన్నగా పెరట్లోకి వెళ్లి, తను పుట్టిన గది ముందు ఆగి వాసన చూసింది.

మా మేనల్లుడు ఆ బుట్టలో పిల్లకి అడ్వాన్స్ కట్టలేదు. కాకినాడలో ఒకావిడ దగ్గరికి పంపాను. వెళ్లొచ్చి ఫోన్ చేశాడు, గొంతులో కోపం. "ఆవిడ నన్నే ఇంటర్వ్యూ చేసింది అత్తా. మీ అమ్మగారితో కూడా మాట్లాడాలి అంది. పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు, కాళ్లు రెండుసార్లు కడిగించింది. వచ్చే నెల చెప్తానంది."

తల్లి ఎలా ఉందని అడిగాను.

"బొచ్చంతా ఊడిపోయి ఉంది. పొట్ట కింద నువ్వు చెప్పినట్టే గీతలున్నాయి."

మొన్న 58వ రోజున తెచ్చుకున్నాడు. ఆవిడ సంచిలో వారానికి సరిపడా అదే తిండి, టీకా కార్డు, ఎక్స్‌రేల నకళ్లు, తల్లి పడుకున్న పాత దుప్పటి ముక్క ఒకటి పెట్టి ఇచ్చిందట. ఆ రాత్రి పదకొండున్నరకి నాకు ఫోన్. వెనక కుయ్యో మొర్రో అని ఏడుపు.

"ఎక్కడ పడుకోబెట్టావురా?"

"హాల్లో."

"నీ మంచం పక్కకి తెచ్చుకో. ఆ దుప్పటి ముక్క దాని మూతి దగ్గర పెట్టు. పాలు పట్టకు, గేదెపాలకి విరేచనాలవుతాయి. రేపు పొద్దున్న స్నానం గీనం చేయించకు, రోడ్డు మీద దించకు, ఆఖరి డోసు పడి రెండు వారాలయ్యేదాకా చంకలోనే తిప్పు. మూడు గంటలకి అలారం పెట్టుకో, ఉచ్చకి బయటికి తీసుకెళ్లాలి."

"మూడింటికా?"

"ఆరింటికి మళ్లీ."